38వ ర్యాంకుకి చప్పట్లు

"తాతయ్యా, ముప్ఫై ఎనిమిదిలో కొత్త పాట!" అంటూ మా మనవరాలు సోఫా మీద ఎగిరి గంతేసింది.

బర్మింగ్‌హామ్‌లో మా అమ్మాయి ఇంట్లో శుక్రవారం సాయంత్రమైతే ఇదే సందడి. ఆ వారం పాటల ర్యాంకులు రేడియోలో చదివేది అప్పుడే. పూర్వం ఆదివారం చదివేవారట, 2015 జులైలో శుక్రవారానికి మార్చారు. పదేళ్ల పిల్ల నోటుపుస్తకం పట్టుకుని నలభై నుంచి ఒకటి దాకా రాసుకుంటుంది. నేను పక్కన కూర్చుని అర్థమైనట్టు తలాడిస్తుంటాను.

నాకా పాటలు అర్థం కావుగానీ ర్యాంకులు మాత్రం బాగా తెలుసు. ఎంసెట్ ఫలితాలొస్తే టీవీలో "ఒకటి, ఒకటి, రెండు, రెండు..." అని గుక్క తిప్పుకోకుండా అరిచే కాలేజీ ప్రకటనలు విని బతికి బట్టకట్టినవాణ్ని.

బ్రిటన్‌లో ఈ గోల 1952 నవంబరు 14న మొదలైంది. ఓ సంగీత పత్రికలో పనిచేసే పెర్సీ డికిన్స్ అనే ఆయన ఇరవై దాకా రికార్డుల దుకాణాలకు ఫోన్లు చేసి, ఏవి బాగా అమ్ముడవుతున్నాయో కనుక్కుని మొదటి పట్టిక తయారుచేశాడు. స్థానాలు పన్నెండు, పాటలు పదిహేను! సమానంగా వస్తే ఒకే ర్యాంకు మరి. మన కాలేజీలకు ఆయనే గురువేమో. ఆ డిసెంబరులోనే రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్‌మాలా మొదలైంది. హిందీ ముక్క రాకపోయినా బుధవారం రాత్రయితే మేమూ రేడియో చుట్టూ మూగేవాళ్లం.

ర్యాంకు కొట్టినవన్నీ సరస్వతీ పుత్రులే అనుకునేరు. 2000 క్రిస్మస్‌కి ఫస్టు వచ్చింది బాబ్ ద బిల్డర్ అనే మేస్త్రీ. పిల్లల టీవీలో బొమ్మ! 2005లో సెల్‌ఫోన్ రింగ్‌టోన్‌లోంచి ఊడిపడ్డ క్రేజీ ఫ్రాగ్ అనే కప్ప నాలుగు వారాలు మొదటి మెట్టు దిగలేదు. అంతటి కోల్డ్‌ప్లే కొత్త పాట తెస్తే రెండో స్థానంలో కూర్చోబెట్టింది. 2018 నుంచి 2022 దాకా ఐదు క్రిస్మస్‌లూ లాడ్‌బేబీ వాళ్లవే. వరసగా ఐదు బీటిల్స్‌కే దక్కలేదు. వాళ్ల పాటల్లో చాలావాటికి కథావస్తువు సాసేజ్ రోల్... మన కర్రీపఫ్‌కి మాంసాహారి బంధువు. వచ్చిన డబ్బు మాత్రం పేదల ఆకలి తీర్చడానికే ఇచ్చారు, అందుకు దండం పెట్టాలి. అయితే 2020లో ఫస్టొచ్చిన వాళ్ల పాట మరుసటి వారానికే 78కి జారింది. ర్యాంకంటే అంతే!

"ముప్ఫై ఎనిమిదికే ఇన్ని గంతులా?" అన్నాను.

పిల్ల నన్ను వింతగా చూసింది. "పోయినవారం అసల్లేదు కదా తాతయ్యా!" అని చప్పట్లు కొట్టింది.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

2001లో మా అమ్మాయికి ఎంసెట్‌లో పన్నెండు వేల చిల్లర ర్యాంకొచ్చింది. పక్కింటి కుర్రాడికి తొమ్మిది వందలు. మూడు రోజులు దాంతో మాట్లాడలేదు. నాలుగోరోజు మాట్లాడినా, "మళ్లీ రాస్తావా?" అని అడగడానికే. అది ఆ ర్యాంకుతోనే చదువుకుంది, ఉద్యోగం తెచ్చుకుంది, ఈ ఇల్లు కొనుక్కుంది. అందులో నాకో గది కూడా ఇచ్చింది.

డిసెంబరు కదా, పాత క్రిస్మస్ పాటలన్నీ జాబితాలోకి వచ్చేశాయి. 2014 నుంచి ఇంటర్నెట్‌లో విన్నదీ లెక్కేనట, అందుకే ఏటా ఈ రాకపోకలు. 'లాస్ట్ క్రిస్మస్' పేరు రాగానే మనవరాలు చరిత్ర విప్పింది. 1984లో అది రెండో స్థానంలోనే ఆగిపోయింది. మొదటి స్థానానికి చేరింది 2021 జనవరిలో. 2023లో క్రిస్మస్ ఫస్టూ అయింది.

"పాడినాయన ఎంత సంబరపడ్డాడో!"

"ఆయన 2016లోనే పోయాడు తాతయ్యా, క్రిస్మస్ రోజునే."

మా అమ్మాయి టీ తెచ్చింది. కప్పులోకి చూస్తూ అన్నాను, "ఆ రోజు నీ ర్యాంకుకి నేనూ చప్పట్లు కొట్టాల్సిందమ్మా."

అది కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇన్నేళ్లకి రీ ఎంట్రీ ఇచ్చావా నాన్నా!" అని నవ్వి, కొంగుతో... కాదు, స్వెట్టర్ చేతితో కళ్లు తుడుచుకుంది.

మనవరాలు పెన్ను తీసింది. "తాతయ్యని ఏ నంబరులో రాయనమ్మా?"