బందీల పాటలు

కృతి కొరుకుడు పడకపోతే చాలు, అది ప్రజలది కాదని తీర్పు చెప్పే అలవాటు మన విమర్శలో చాలాకాలంగా ఉన్నది. ఈ తీర్పు నాకెన్నడూ రుచించలేదు. తరగతిలో ఈ చర్చ వచ్చినప్పుడల్లా నేను చెప్పే ఉదాహరణ తెలుగు కవి కాదు, ఇటలీ సంగీతకర్త లుయీజీ దల్లాపిక్కొలా.

ఆయన 1904లో ఇస్ట్రియాలోని పిసీనోలో పుట్టాడు. నేడది క్రొయేషియాలో ఉంది. అప్పుడు ఆస్ట్రియా-హంగరీ ఏలుబడిలో ఉండేది. తండ్రి ఇటాలియన్ బడికి ప్రధానోపాధ్యాయుడు. మొదటి ప్రపంచయుద్ధంలో ప్రభుత్వం ఆ బడి మూసేసి, 1917లో ఆ కుటుంబాన్ని అనుమానితుల కింద గ్రాజ్ పట్టణానికి తరలించింది. నిర్బంధమంటే ఏమిటో ఆ పిల్లవాడికి పదమూడో ఏటనే తెలిసింది. విచిత్రమేమంటే, ఒపేరాల రుచి తెలిసిందీ ఆ ఊళ్ళోనే.

1934 నుంచి 1967 దాకా ఫ్లోరెన్స్ సంగీత కళాశాలలో పాఠాలు చెప్పాడు. దక్కిన ఉద్యోగం స్వరరచన ఆచార్యత్వం కాదు. ఇతర విద్యార్థులు అనుబంధంగా నేర్చుకునే పియానో పాఠం. ఆ కుర్చీ ఎత్తెంతో ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు.

మొదట్లో ఆయన ముస్సోలినీని నమ్మినవాడే. దాన్ని దాచి ఆయనకు మేలు చేయబోవటం అనవసరం. ఇథియోపియా మీద దండయాత్ర, స్పెయిన్ యుద్ధం ఆ నమ్మకాన్ని సడలించాయి. 1938లో జాతి చట్టాలు వచ్చేసరికి ప్రమాదం ఇంటి గడపలోకే వచ్చింది. భార్య లారా యూదు స్త్రీ. అప్పుడు మొదలుపెట్టినదే 'బందీల పాటలు'. శిరచ్ఛేదానికి గురైన మేరీ స్టువర్ట్, చెరసాలలో తత్త్వం రాసిన బొయీథియస్, ఉరికంబమెక్కిన సవొనరోలా: ఈ ముగ్గురి మాటలకు బృందగానం, రెండు పియానోలు, రెండు హార్పులు, గంటలు, డోళ్ళు. మొత్తం కృతిని మొదటిసారి రోములో వినిపించింది 1941 డిసెంబరు 11న. అమెరికా మీద ఇటలీ యుద్ధం ప్రకటించింది ఆ రోజే.

ఈ కృతిలోనే ఆయన వియన్నావాడు షోన్‌బెర్గ్ పద్ధతి వైపు మొగ్గాడు. పన్నెండు స్వరస్థానాలను ఒక వరుసగా పేర్చుకొని, రచనంతా ఆ వరుస మీద కట్టటం ఆ పద్ధతి. హిట్లరు జర్మనీ దాన్ని భ్రష్టకళ అన్నది. 1948లో సోవియట్ పార్టీ తీర్మానం అపస్వర ధోరణిని రూపవాదమని ఖండించింది. రెండోది మనవాళ్ళ మాట కనుక మరింత బాధగా ఉంటుంది.

ఆ పద్ధతిలోనే 1944-48 మధ్య 'ఖైదీ' అనే ఒపేరా రాశాడు. సారగోసా జైలులో కాపలావాడు ఖైదీని సోదరా అని పిలుస్తాడు, ఆశ పుట్టిస్తాడు. ఒక రాత్రి తలుపు తెరిచి ఉంటుంది. ఖైదీ నడవాలన్నీ దాటి తోటలోకి, చుక్కల కిందికి వస్తాడు. అక్కడ చేతులు చాచి నిలిచినవాడు మహావిచారణాధికారి. గొంతు ఆ కాపలావాడిదే. ఆశ పెట్టటమే ఆఖరి చిత్రహింస. 1950లో ఫ్లోరెన్స్ వేదిక మీద దీన్ని చూసి కాథలిక్కుల్లో కొందరు నొచ్చుకున్నారు. ఇది స్టాలిన్ మీద విసురని కమ్యూనిస్టుల్లో కొందరు శంకించారు. ఇరుపక్షాల భుజాలూ తడుముకోవలసి వచ్చిందంటే ఆ రూపం తన పని తాను చేసినట్టే.

వేసవుల్లో అమెరికాలోని టాంగిల్‌వుడ్‌కు కూడా వెళ్ళి బోధించాడు. 1952లో అక్కడ ఆయన దగ్గర కూర్చున్న లుచానో బెరియో తరువాత ఎంతటివాడయిందీ సంగీతప్రియులకు తెలుసు. ఫ్లోరెన్స్‌లో మాత్రం పదవీ విరమణ దాకా ఆయన చెప్పింది ఆ అనుబంధ పియానో పాఠమే.