కనబడని పగడముల జాడ

పగడమనగానే మనకు ముందుగా స్ఫురించునది ముత్తైదువల మెడలోని ఎఱ్ఱని పూసల పేరు. కొంచెము చదువుకొన్నవారికి లక్షదీవుల చుట్టును గల వెచ్చని, లోతులేని సముద్రమును, అందలి రంగురంగుల పగడపు దిబ్బలును జ్ఞప్తికి వచ్చును. కాని సూర్యకిరణము చొరని చీకటిలో, ఎముకలు కొరుకు చలిలో, వందల మీటర్ల లోతున బ్రదుకు పగడములు కూడ కలవు. వానిని కన్నులార చూచినవారు బహు కొలదిమంది. అట్టి పగడములు ఎచ్చట ఉండగలవో ఊహించి పటములు గీయు విద్య యొకటి ఇటీవల వృద్ధియగుచున్నది. దానిని గూర్చి చదివినప్పుడు నాకు కలిగిన తలపులను ఇచ్చట వ్రాయుచున్నాను.

నాది ఎల్లారెడ్డి. సముద్రము మాకు 300 కిలోమీటర్లకు పైగా దూరము. కామారెడ్డి నుండి లింగంపేట మీదుగా మా యూరికి పోవు బాటలో కనబడునవి అడవులు, గుట్టలు, చెరువులే. పెద్ద నీరనగా మాకు మంజీరానదిపై 1923 మొదలు 1931 వఱకు కట్టిన నిజాంసాగరమే. ఇట్టి చోట పుట్టినవానికి సముద్రపు లోతులతో ఏమి పని యని కొందఱు నన్ను అడిగిరి. పని కలదనియే నా నమ్మకము.

నా చిన్నతనమున మా చెరువులో ఒక వృద్ధుడు వల వేయుచుండెడివాడు. నీరు మట్టితో ఎఱ్ఱబారి యుండును, అడుగు కనబడదు. అయినను అతడు వల విసరుటకు ముందు చాలసేపు ఊరకే నిలిచి చూచెడివాడు. గడ్డి ఎచ్చట దట్టముగ నున్నది, నీరు ఎచ్చట నిలుకడగ నున్నది, అడుగున బురదయా, బండయా అని లెక్క వేసికొని, “కొర్రమీను ఆ తుంగ దిక్కు ఉంటది బిడ్డా” అనెడివాడు. “నీకు అగుపడుతున్నదా తాతా?” అని నేనొకనాడు అడిగితిని. “అగుపడదు. దానికేం కావాల్నో నాకు ఎరుకే గద” అని అతడు బదులు చెప్పెను. కొర్రమీను నడుమ నడుమ నీటిపైకి వచ్చి గాలి పీల్చును. కావున గడ్డిమాటు గల లోతులేని నీరు దానికి అనుకూలము. అతని వల ప్రతిసారియు నిండెడిది కాదు. వట్టి వల వచ్చినప్పుడు అదియు అతనికొక పాఠమే. మరునాడు తావు మార్చెడివాడు.

పగడముల విషయమున శాస్త్రజ్ఞులు చేయు పనియు ఇట్టిదే. ముందుగా పగడమునకు ఏమి కావలయునో వారు తెలిసికొందురు. పగడము ఱాయి కాదు, చెట్టు కాదు. అది సున్నపు గూడు కట్టుకొని గుంపులుగా జీవించు చిన్న జంతువు. వెచ్చని నీటి పగడముల దేహములో సూక్ష్మమైన నాచు నివసించి, సూర్యరశ్మితో ఆహారము చేసి పెట్టును. చలినీటి పగడములకు ఆ సాయము లేదు. ప్రవాహము మోసికొని వచ్చు సూక్ష్మజీవులే వాని కాహారము. కనుక నీరు కదలుచుండవలయును; పట్టుకొని నిలుచుటకు గట్టి ఆధారము కావలయును; బురద పైబడి కప్పివేయరాదు; నీటిలో ప్రాణవాయువు చాలినంత ఉండవలయును. వీనిలో ప్రసిద్ధమైన లోఫీలియా యను జాతి సాధారణముగ 4 మొదలు 12 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు గల చల్లని నీటిలో వర్ధిల్లును. నార్వే తీరమున 2002లో కనుగొనిన రోస్ట్ పగడపు దిబ్బ 300 నుండి 400 మీటర్ల లోతున సుమారు 35 కిలోమీటర్ల పొడవు వ్యాపించి యున్నది. కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి తిన్నగా గీత గీచినచో ఇంచుమించు అంత దూరము! అంతటి దిబ్బ అన్నాళ్ళు మనుష్యుల కంట బడక యుండెను.

ఇక పటము గీయు విధానము. సముద్రమును చిన్న చిన్న గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడికి లోతు, వాలు, వేడిమి, ఉప్పదనము, ప్రాణవాయువు మున్నగు కొలతలు చేర్తురు. పగడములు దొరకిన తావులలో ఈ కొలతలు ఎట్లున్నవో కంప్యూటరు గ్రహించి, తక్కిన గళ్ళలో అట్టి స్థితి ఎంతవఱకు కలదో 0 మొదలు 1 వఱకు విలువ కట్టును. 2011లో డేవిస్, గినోట్ అను శాస్త్రజ్ఞులు, దిబ్బలు కట్టు ఐదు పగడపు జాతులకై, సుమారు ఒక కిలోమీటరు గళ్ళతో ప్రపంచ సముద్రములకు ఇట్టి పటములను సిద్ధపఱచిరి.

లోతును కొలుచుటకు ఇప్పుడు తాడు అక్కఱలేదు, ధ్వని చాలును. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోవును. ఓడనుండి పంపిన ధ్వని అడుగును తాకి రెండు సెకనులకు తిరిగి వచ్చినచో, అచ్చట లోతు 1500 మీటర్లని లెక్క. ఇట్లు ఓడలతో కొలిచినది 2025 నాటికి ప్రపంచ సముద్రగర్భములో నాల్గవ వంతుకంటె కొంచెమే ఎక్కువ. నీటి వేడిమిని, ఉప్పదనమును 2000 మీటర్ల లోతువఱకు మునిగి తేలుచు కొలుచు ఆర్గో యను యంత్రములు కలవు. వాని సమాచారమును మన దేశమున భద్రపఱచునది, 1999లో హైదరాబాదున స్థాపించిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రము. చేపలు దొరకగల తావులను ఉపగ్రహముల సాయమున ఊహించి జాలరులకు తెలుపునదియు ఆ సంస్థయే. సముద్రము నెఱుగుటకు సముద్రపు ఒడ్డుననే పుట్టనక్కఱలేదని దీనివలన తెలియుచున్నది.

మన బంగాళాఖాతము సంగతి ఏమి? ‘ఇన్వెస్టిగేటర్’ అను నౌక భారత సముద్రముల లోతులనుండి తెచ్చిన పగడములను వర్ణించుచు ఆల్కాక్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1898లో గ్రంథము ప్రకటించెను. లాఫాండ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు మన తూర్పు తీరమున నీటి అడుగున గల లోయలను పరిశీలించి, 1964లో వానిని ఆంధ్ర, మహాదేవన్, కృష్ణ అను పేర్లతో వర్ణించెను. ఇతర దేశములలో ఇట్టి లోయల నిటారు బండలపై పగడములు దొరకినవి. కాని బంగాళాఖాతమున రెండు చిక్కులు కలవు: మధ్యపు లోతులలో ప్రాణవాయువు మిక్కిలి తక్కువ, నదులు తెచ్చు బురద మిక్కిలి ఎక్కువ. ఆ బురదలో మా మట్టియు కొంత కలదు. మంజీర కందకుర్తి యొద్ద గోదావరిలో కలియును. గోదావరి సముద్రము చేరును. నిజాంసాగరము మొదట 29 టి.ఎం.సి.లకు పైగా నీరు పట్టెడిది. పూడిక చేరి ఇప్పుడు 18 టి.ఎం.సి.లకు లోపుగనే పట్టుచున్నది. ఆగిన మట్టి మా కన్నులకు కనబడుచున్నది. సాగిపోయిన మట్టి ఎవరి గూడుపై పడుచున్నదో కనబడదు.

ఈ పటముల అవసరము ఇందే యున్నది. లోఫీలియా ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు మొదలు రెండున్నర సెంటీమీటర్ల వఱకు మాత్రమే పెరుగును. వేల సంవత్సరములు పెరిగిన దిబ్బను, అడుగునంటి ఈడ్చు బరువైన ట్రాలు వల ఒక్క పూటలో పిండి చేయగలదు. అందుచేతనే నార్వే 1999లో సూలా దిబ్బపై అట్టి వలలను నిషేధించెను. 2006లో ఐక్యరాజ్యసమితి, సున్నితమైన లోతునీటి తావులను కాపాడవలయునని సభ్యదేశములను కోరెను. గాలిలో పెరుగుచున్న బొగ్గుపులుసు వాయువు నీటిలో కరగిన కొలదియు పగడములకు గూడు కట్టుట కష్టమగుచున్నది. కావున నేడు అనుకూలమైన తావు రేపును అట్లే యుండునను నమ్మకము లేదు.

అయినను పటము సాక్షి కాదు. ఎక్కువ విలువ పొందిన గడిలో పగడము లేకపోవచ్చును. తక్కువ విలువ గల గడిలో, కొలతకు అందని చిన్న బండపై, ఒక గుంపు జీవించుచుండవచ్చును. ఓడలు పోని చోట కొలతలే తక్కువ. కావున కెమెరాలను లోతునకు దింపి చూచి, పటమును దిద్దుచుండవలయును. అంతవఱకు చూడని గడిపై ‘ఏమియు లేదు’ అని వ్రాయుటకు మనకు హక్కు లేదు. ‘ఇంకను చూడలేదు’ అని వ్రాయుటయే న్యాయము. ఆ రెండు మాటల నడుమ గల భేదము ఎఱిగినవారు, అచ్చట వల దింపుటకు ముందు ఒక్క క్షణము ఆగుదురు.