వెనక స్పీకర్లు

హాలులో ముందు వైపు మూడు స్పీకర్లు, మూలన ఒక సబ్‌వూఫరు పెట్టుకుని రెండేళ్ళు సినిమాలు చూశాక నాకు వెనక స్పీకర్ల మీదికి మనసు పోయింది. రిసీవరు వెనక ఏడు స్పీకర్లకు తీగలు తగిలించే చోటుంది. మూడు నిండాయి, నాలుగు ఖాళీ. ఖాళీ కనబడితే నింపాలనిపించడమే ఈ జబ్బుకు మొదటి లక్షణం.

మాది కడపలో పాత ఇల్లు. నేల నల్లటి బండ, కప్పు ఇనుప గర్డర్ల మీద పరిచిన బండ, గూళ్ళలో అరలు కూడా బండలే. పక్కనే ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు ఎక్కడ తవ్వినా రాయే కాబట్టి మా పెద్దవాళ్ళు దేనికైనా రాయినే వాడారు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ నేల మీద పడుకుంటే ఏసీ గుర్తుకు రాదు. శబ్దం సంగతి మాత్రం వాళ్ళు ఆలోచించి ఉండరు.

స్పీకర్ల గురించి రెండు నెలలు చదివాను. మొదట తెలిసింది ఏమంటే, 'వెనక స్పీకర్లు' అన్న మాటే మనల్ని తప్పు దారి పట్టిస్తుందని. 5.1 అమరికలో ఆ రెండూ నిజంగా వెనక ఉండవు. తెర వైపు చూస్తూ కూర్చున్న మనిషికి రెండు పక్కలా, చెవి కంటే కొంచెం వెనగ్గా, సుమారు 110 డిగ్రీల దగ్గర ఉంటాయి. వీపు వెనక ఇంకో జత కావాలంటే అది 7.1. దానికి సోఫా వెనక నాలుగడుగులైనా ఖాళీ ఉండాలి. మా సోఫా గోడకు ఆనుకునే ఉంటుంది. అక్కడ స్పీకర్లు పెడితే సినిమాలో హెలికాప్టరు మా నెత్తి మీదనే దిగుతుంది. అట్లా నాలుగు కాస్తా రెండయినాయి.

రెండోది, ముందున్నవి ఏ కంపెనీవో పక్కనున్నవీ దానివే, వీలైతే అదే వరసవే కావాలి. లేకపోతే ఎడమ నుంచి పక్కకు పోయే బండి చప్పుడు మధ్యలో ఇంకో బండి చప్పుడుగా మారిపోతుంది. మూడోది, వీటికి పెద్ద వూఫరు అక్కర్లేదు. 80 హెర్ట్‌జ్ కిందిదంతా సబ్‌వూఫరుకు పంపేస్తాం కాబట్టి నాలుగైదు అంగుళాలది చాలు. నాలుగోది సెన్సిటివిటీ. ఒక స్పీకరు ఇంకోదానికంటే 3 డెసిబెల్స్ తక్కువైతే, అంతే చప్పుడు రావడానికి రెట్టింపు కరెంటు తాగుతుంది.

ఇంత చదివినా విని చూడకుండా కొనబుద్ధి కాలేదు. కర్నూలులో మా పెదనాయన కొడుకు ఇంట్లో మొత్తం సెట్టుంది. ఒక ఆదివారం పోయి అన్న గదిలో కూర్చున్నా. సినిమాలో వాన మొదలైతే నా ఒళ్ళు తడిసినట్టే ఉంది. "నీకు అంత నచ్చితే నా పాత జత ఉంది, తీసుకపోయి పెట్టి చూడు, బాగుంటే అదే కంపెనీవి కొనుక్కో" అన్నాడు అన్న. ఆ రెండింటినీ చంటిబిడ్డల మాదిరి ఒళ్ళో పెట్టుకుని ఆర్టీసీ బస్సులో కడపకు తెచ్చుకున్నా.

మా హాలులో అవే స్పీకర్లు, అదే వాన. రేకుల షెడ్డు మీద కంకర పోసినట్టు మోగింది.

ఆ పూట నాయన తలుపు దగ్గర నిలబడి చూస్తాండాడు. హాలు లోపలికి రాడు. సినిమా పెట్టినప్పుడల్లా "మీరు చూడండి లే" అని వరండాలోకి పోతాడు. ఎప్పుడన్నా కూర్చుంటే కుడి గోడ పక్క కుర్చీలోనే. పది నిమిషాలకొకసారి "సౌండు పెంచు" అంటాడు, పిల్లలు చెవులు మూసుకుంటారు. ఒకసారి నేనే విసుక్కుని "నీ ధ్యాస సినిమా మీద ఉంటే గదా వినపడేది" అన్నా. అప్పటి నుంచి కూర్చోవడం కూడా మానేసినాడు.

మా నాయన చిన్నప్పుడు టూరింగ్ టాకీసులో పని చేసినాడు, ఆ తర్వాత ప్రొద్దుటూరులో ఒక హాల్లో ఆపరేటరుగా చేసినాడు. తలుపు దగ్గర నుంచే రెండు చప్పట్లు కొట్టినాడు. గది గణగణమంది.

"రేయ్, ఖాళీ హాలు మోగుతాది. జనం కూసుంటే వాళ్ళు తాగుతారు. అందుకే ఆటకు ముందు తక్కువ పెడతాంటి, హాలు నిండినాక పెంచుతాంటి. నువ్వు తప్పు బాక్సులు తేలేదు. నీ హాల్లో జనం లేరు, అంతే."

దీనినే 1895లో హార్వర్డులో వాలెస్ సాబిన్ అనే కుర్ర అధ్యాపకుడు లెక్క కట్టినాడు. మాటలు అర్థం కాకుండా మోగే ఒక ఉపన్యాసశాలను బాగు చెయ్యమంటే, రాత్రిళ్ళు ఇంకో హాలు నుంచి సీటు దిండ్లు మోయించుకొచ్చి, ఎన్ని దిండ్లకు మోత ఎంత తగ్గుతుందో గడియారంతో కొలిచినాడు. ఆయన సూత్రంలో మా హాలు పొడవు, వెడల్పు, ఎత్తు పెట్టి, రాయీ సున్నమూ తమ మీద పడిన శబ్దంలో నూటికి మూడు వంతులే తాగుతాయనుకుని వేస్తే, సామాన్లు లేని గదిలో మోత మూడు సెకన్లు దాటింది. మూడు సెకన్లలో సినిమాలో మనిషి ఒక వాక్యం మాట్లాడి ఇంకోటి ఎత్తుకుంటాడు.

మరుసటి రోజు రిసీవరులో పరీక్ష చప్పుడు పెట్టినా. ఒక్కో స్పీకరు నుంచి వరసగా జలపాతం మాదిరి 'సర్ర్' మని వస్తుంది. నాయన్ని పిలిచి సోఫా మధ్యలో కూర్చోబెట్టి, కళ్ళు మూసుకుని చప్పుడు యాడి నుంచి వస్తాందో చెయ్యి చూపమన్నా. ఆపరేటరు చెవి గదా, నాకంటే బాగా చెప్తాడని.

ఎడమ స్పీకరు మోగింది. ఎడమకు చూపించినాడు. మధ్యది మోగింది. ఎడమకు చూపించినాడు. కుడిది మోగింది. ఎడమకే చూపించినాడు. కుడి పక్క స్పీకరు, ఆయన చెవికి మూడడుగుల దూరంలో ఉన్నది, మోగింది. కొంచెంసేపు ఆలోచించి మళ్ళీ ఎడమకే చూపించి "ఇది దూరంగా ఉంది" అన్నాడు.

రిసీవరు ఆపేసినా.

"కుడి చెవి ఎప్పటి నుంచి లేదు నాయనా?"

"చానా ఏండ్లాయె. చెప్తే ఏం జేస్తావు, ఆస్పత్రి అంటావు."

కుర్చీ కుడి గోడకే ఎందుకో, రోడ్డు మీద నడిచేటప్పుడు ఎప్పుడూ నాకు కుడి పక్కకు ఎందుకు వస్తాడో అప్పుడు అర్థమయింది. ఇన్నేండ్లూ మమ్మల్నందరినీ తన ఎడమ వైపుకు పెట్టుకుంటా వచ్చినాడు.

శబ్దం యాడి నుంచి వస్తాందో మనకు తెలిసేది ముఖ్యంగా రెండు చెవుల మధ్య తేడాతో. పక్క నుంచి వచ్చే చప్పుడు ఒక చెవికి చేరినాక ఇంకో చెవికి చేరేదానికి సెకనులో వెయ్యో వంతు కూడా పట్టదు. ఆ కాస్త తేడాతోనే మెదడు దిక్కు చెప్తుంది. ఒక చెవి పోతే దిక్కు పోతుంది. దాంతోపాటు, మోగే గదిలో నలుగురి మాటల మధ్య ఒక మాటను ఏరుకునే బలమూ తగ్గుతుంది. చెవి డాక్టరు తీయించిన గ్రాఫులో ఇంకో సంగతి కూడా బయటపడింది. మంచిదనుకున్న ఎడమ చెవిలో కూడా పై స్థాయి శబ్దాలు తగ్గినాయి. స, శ, త మాదిరి హల్లుల పదునంతా అక్కడే ఉంటుంది. ఆయనకు వినపడేది చప్పుడు, వినపడనిది మాట. నేను ధ్యాస లేదన్నది దాన్ని.

అప్పుడు నా లెక్కంతా మారిపోయింది. స్పీకర్లకని దాచిన డబ్బులో ఎక్కువ భాగం ఎడమ చెవి మిషనుకు పోయింది. మిగిలినదాంట్లో, ముందువాటి కంపెనీవే, ఆ వరసలో అన్నింటికంటే చిన్న జత కొన్నా. గోడలకు శబ్దం కొట్టి నలుదిక్కులా చల్లే రకం కూడా ఉంది. మా ఇంట్లో ఆ పని బండలే చేస్తాయి కాబట్టి, నేరుగా మనిషి వైపు చూసే మామూలు రకమే తీసుకున్నా. రాతి గోడకు రంధ్రాలు కొట్టకుండా స్టాండ్ల మీద నిలబెట్టినా. మధ్య స్పీకరును 3 డెసిబెల్స్ పెంచి, పక్కవాటిని 2 తగ్గించినా. గది కొలిచి అన్నీ తనే సర్దే మైకొకటి రిసీవరుతో వచ్చింది గానీ, అది అందరి చెవులూ ఒకటే అనుకుంటుంది.

అన్నిటికంటే ఎక్కువ పని చేసింది మాత్రం కొన్నది కాదు. ట్రంకుపెట్టెలో అమ్మ పాత చీరలతో కుట్టిన బొంతలు రెండున్నాయి. అమ్మ పోయినాక వాటిని ఎవరమూ కప్పుకోలేదు. కట్టెలు కొట్టి, గోడకు మూడు అంగుళాల ఎడంగా సోఫా వెనక ఒకటి, కుడి గోడకొకటి వేలాడదీసినా. గోడకు అంటించకుండా ఎడం వదిలితే బట్ట ఎక్కువ తాగుతుంది. నాయన వచ్చి చప్పట్లు కొట్టినాడు. గది మోగలేదు. బొంత అంచు పట్టుకుని కొంచెంసేపు చూసి, "ఇంగ హాలు నిండింది" అన్నాడు.

ఆ రాత్రి ఆయన కోరింది 'మాయాబజార్'. తీసిన కె.వి.రెడ్డిది తాడిపత్రి, నిర్మాతల్లో ఒకరైన నాగిరెడ్డిది మా కడప జిల్లా, మనోళ్ళ సినిమా అని ఆయనకు ముచ్చట. 1957 నాటి ఆ సినిమా శబ్దం మోనో, ఒకే దారి. రిసీవరు దాన్నంతా మధ్య స్పీకరుకే పంపింది. ఇన్ని నెలలు చదివి కొన్న జత మూడు గంటలూ మూగగా నిలబడింది. మా అందరికీ ఆ సినిమా ఆయనకు వినపడినట్టే, ఒకే దిక్కు నుంచి వినపడింది.

నాయన కుడి గోడ పక్క కుర్చీ వదిలి సోఫా మధ్యలో కూర్చున్నాడు. సౌండు పెంచమని ఒక్కసారీ అడగలేదు.