కంబర్లాండ్ అడవిలో సైకిల్ మీద

మీకు సైకిల్ తొక్కడం ఇష్టమా? అయితే ఒక శనివారం నాతో రండి.

వాంకూవర్ దగ్గర హార్స్‌షూ బేలో ఫెర్రీ ఎక్కుదాం. గంటా నలభై నిమిషాల్లో నానైమో చేరతాం. అక్కడి నుంచి కారులో ఉత్తరానికి వెళ్తే కంబర్లాండ్ వస్తుంది. ఊరు దాటగానే అడవి.

దారి సన్నగా ఉంటుంది. చెట్ల వేర్లు పైకి తేలి ఉంటాయి. చలికాలమంతా వానే. తడి వేరు మీద బ్రేకు వేయకండి, చక్రం జారుతుంది. ముందే వేగం తగ్గించి, తిన్నగా దాటండి. మలుపుల దగ్గర గట్టిగా కేకేయండి. ఇక్కడ నల్ల ఎలుగుబంట్లు ఉంటాయి. నేను తెలుగులోనే అరుస్తాను: "హోయ్, వస్తున్నాం!"

తిరిగి వచ్చేటప్పుడు కోల్ క్రీక్ పార్కులో ఆగుదాం. 1888లో ఇక్కడ బొగ్గు గనులు మొదలయ్యాయి. చైనా నుంచి, జపాన్ నుంచి కూలీలు వచ్చారు. 1942లో జపాన్ వాళ్లను ప్రభుత్వం ఇక్కడి నుంచి పంపేసింది. చైనా వాళ్ల పేటలో ఇప్పుడు ఒకే ఒక్క చిన్న చెక్క ఇల్లు మిగిలింది.

దాన్ని చూస్తే మా ముత్తాత గుర్తొస్తారు. 1903 తర్వాత మన తెలుగువాళ్లు ఎందరో మద్రాసులో ఓడ ఎక్కారు. ఆయన కూడా అలాగే గిర్మిట్ మీద ఫిజీ వెళ్లి చెరకు నరికారు. ఆయన ఉన్న కూలీ లైను ఎక్కడుందో మా ఇంట్లో ఇప్పుడు ఎవరికీ తెలియదు. నాన్న ఉన్నప్పుడు నేను అడగలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారా? ఇంటికి వెళ్లగానే అడగండి. సైకిల్ బురద తర్వాత కడుక్కోవచ్చు.