జొన్నరొట్టె పక్కన జీవశాస్త్రం: గోనెగండ్ల బడుల్లో పోషణ పాఠం

కర్నూలు జిల్లా గోనెగండ్ల మండలంలో హంద్రీ నదిపై గాజులదిన్నె జలాశయం ఉన్నప్పటికీ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమంతటిలాగే ఇక్కడి సేద్యంలో ఎక్కువ భాగం వానను నమ్ముకున్నదే. జొన్న, సజ్జ, కొర్ర ఒకప్పుడు ఇంటి తిండికి ఆధారమైన పంటలు కాగా, 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చిన తరువాతి కాలంలో కంచంలో వాటి వాటా తగ్గుతూ వచ్చింది. అందువల్ల ఇక్కడి బడిలో పోషణ పాఠం ఎలా సాగుతున్నదో చూడవచ్చిన సందర్శకుడు పాఠ్యపుస్తకంతో పాటు పిల్లల కంచాన్ని కూడా చూడవలసి ఉంటుంది.

జీవశాస్త్ర తరగతిలో పిల్లలను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునేది గంజి ప్రయోగం. రెండు పరీక్షనాళికల్లో పలుచని గంజి పోసి, ఒకదానిలో మాత్రం లాలాజలం, అంటే నోటిలో ఊరే ద్రవం, కలిపి కొంతసేపు ఉంచిన తరువాత రెండింటిలోనూ అయోడిన్ చుక్క వేస్తారు. లాలాజలం కలపని గంజి నీలినలుపుగా మారుతుంది. కలిపినదానిలో ఆ రంగు రాదు, లేదా బాగా వెలిసి కనిపిస్తుంది. లాలాజలంలోని అమైలేజ్ అనే ఎంజైము, అనగా రసాయన చర్యను వేగవంతం చేసే ప్రోటీను, పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టడమే దీనికి కారణం. జొన్నరొట్టె ముక్కను కూర లేకుండా చాలాసేపు నమిలితే నోటికి తీపి తగిలేది కూడా ఇందువల్లనే అని చెప్పినప్పుడు, జీర్ణక్రియ అనేది బోర్డు మీది బొమ్మలో కాక తమ నోటిలోనే మొదలవుతున్నదని పిల్లలకు అర్థమవుతుంది.

ఈ జొన్నరొట్టె విషయంలో పాఠ్యపుస్తకం చెప్పని ఒక చరిత్ర ఉన్నది, దానిని ఈ ప్రాంతపు ప్రతి తరగతిలోనూ చెప్పడం అవసరం. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తరువాత జాతీయ పోషకాహార సంస్థగా పేరు పొందిన సంస్థలో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్.జి. శ్రీకాంతియా దక్కన్ పీఠభూమిలో జొన్న మీదనే బతికే పేదల్లో కనిపించే పెల్లాగ్రాను పరిశీలించారు. పెల్లాగ్రా నియాసిన్ అనే బి విటమిను లోపం వల్ల వచ్చే వ్యాధి; ఎండ తగిలే చేతులు, మెడ మీది చర్మం నల్లబడి పొట్టులేవడం, విరేచనాలు, మతి చెదరడం దాని లక్షణాలు. జొన్నలో అధికంగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం శరీరంలో నియాసిన్ తయారీకి అడ్డుపడుతున్నదని వారు 1960లో ప్రతిపాదించారు. ఆ వివరణపై తరువాత చర్చ సాగినా, ఒకే ధాన్యం మీద ఆధారపడిన కంచానికి తోడు కావాలన్న విషయంలో వివాదం లేదు. జొన్నను మానడం ఇందుకు పరిష్కారం కాదు; రొట్టెతో నంజుకునే వేరుశనగ పొడిలో నియాసిన్ పుష్కలంగా ఉంటుంది, పప్పు వేసి వండిన పుంటికూర మరికొన్ని పోషకాలను చేరుస్తుంది. తల్లులూ అవ్వలూ రుచి కోసం కూర్చిన ఈ జోడింపు వెనుక ఇంత శాస్త్రం ఉన్నదని తెలిసిన పిల్లవాడు తన ఇంటి తిండిని చిన్నచూపు చూడడు. పోషకాహారం అనగానే పాలు, ఆపిల్, బాదం బొమ్మలు వేసే గోడపత్రాలు ఈ పనిని చేయలేవు, పైగా కొనలేని ఇంటిలో అవి సిగ్గును మిగిల్చే ప్రమాదం ఉన్నది.

పాఠం రుజువయ్యే మరొక చోటు మధ్యాహ్న భోజనపు వరుస. కేంద్ర ప్రమాణం ప్రకారం ప్రాథమిక తరగతుల విద్యార్థికి ఈ భోజనం ద్వారా 450 కిలోకేలరీల శక్తి, 12 గ్రాముల ప్రోటీను, ప్రాథమికోన్నత స్థాయిలో 700 కిలోకేలరీలు, 20 గ్రాముల ప్రోటీను అందాలి. ఆంధ్రప్రదేశ్‌లో అన్నం, పప్పుకూరలతో పాటు గుడ్డు, వేరుశనగ చిక్కీ, 2023 నుంచి రాగి జావ కూడా చేరాయి. గుడ్డులో ఆరు గ్రాముల దాకా ప్రోటీను ఉంటుందన్న ఒక్క లెక్క చేతిలో ఉంటే చాలు, మిగిలిన గ్రాములు పప్పు నుంచీ అన్నం నుంచీ ఎంతెంత వస్తాయో కూడిక చేసి చూడడం ఏడో తరగతి పిల్లలకు కష్టం కాదు.

రక్తహీనత పాఠం ఇంతకంటే సున్నితమైనది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. అంటే తరగతిలోని బాలికల్లో అనేకుల తల్లులకు ఈ సమస్య ఉన్నది. బడిలో వారానికొకసారి ఇచ్చే నీలిరంగు మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం ఉంటుంది, దానిని 1945లో సంశ్లేషించిన అమెరికాలోని లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వం వహించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మాత్ర మింగిన మరునాడు మలం నల్లగా వస్తే పిల్లలు భయపడి తరువాతి వారం దానిని జేబులో దాచేస్తారు. శరీరం పీల్చుకోని ఇనుము అలా బయటికి పోతున్నదనీ, పరగడుపున కాక భోజనం తరువాత వేసుకుంటే వికారం తగ్గుతుందనీ, నిమ్మరసం ఇనుమును పీల్చుకోవడానికి తోడ్పడితే అన్నం వెంటనే తాగే టీ అడ్డుపడుతుందనీ ముందే చెప్పినచోట ఆ భయం ఉండదు. ఇంత వివరణకు పది నిమిషాలు చాలు, కానీ మాత్రలు పంచి సంతకాలు తీసుకునే తొందరలో ముందుగా పోయేది ఆ పది నిమిషాలే.

ఈ పాఠాన్నంతటినీ తెంచివేసేది వలస. పంటకోతలు ముగిసిన తరువాత పడమటి కర్నూలు కుటుంబాలు మిరపకాయల కోతకు, పత్తి ఏరడానికి గుంటూరు వైపు తరలిపోతాయి, బడిలో పేరున్న పిల్లలు కూడా వెంట వెళతారు. గుడ్డు, జావ, నీలిమాత్ర మూడూ ఒకేసారి ఆగిపోతాయి. పెద్దలు వెళ్లినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు నడిపే సీజనల్ హాస్టళ్లు సంవత్సరం చివర కాక వలసకు ముందే తెరుచుకోవాలి. వెళ్లక తప్పని పిల్లలు తిరిగి బడిలో చేరిన వారంలోనే వారి బరువు, హిమోగ్లోబిన్ అంటే రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థం, కొలిచి, తగ్గినవారికి మాత్రలు వెంటనే మొదలుపెట్టే ఏర్పాటు మండల స్థాయిలో జరగాలి.