తలుపుల్లేని బండి

మా ఇంటి ముందు వేపచెట్టు కింద ఒక పాత జీపు ఉంది. దాన్ని చూసినవాళ్ళు అడిగే ప్రశ్నలు మూడు. అమ్ముతారా? ఇంకా నడుస్తుందా? ఏముందని దీన్ని పెట్టుకున్నారు? మొదటిదానికి లేదనీ, రెండోదానికి ఔననీ చెప్పేస్తాను. మూడోది నిలబడి చెప్పే జవాబు కాదు. అందుకే రాస్తున్నాను.

ముందు బండి సంగతి. ఇది 1968 నాటి మహీంద్రా సీజే-3బి. సీజే అంటే సివిలియన్ జీప్. పటాలంలో పనిచేసి వచ్చినవాడు పంచె ఎగ్గట్టి సేద్యంలోకి దిగితే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే. 1940లో అమెరికా సైన్యం నాలుగు చక్రాలూ లాగే తేలిక బండి కావాలంటే బాంటమ్ అనే చిన్న కంపెనీ మొదటి నమూనా చేసి ఇచ్చింది. యుద్ధం ముగిసేలోగా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. మన దేశంలో 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ అన్న పేరుతో మొదలైన సంస్థ, 1947లో విల్లీస్ జీపులను ఇక్కడ బిగించడానికి పూనుకుంది. భాగస్వామి గులాం మహమ్మద్ పాకిస్తానుకు తొలి ఆర్థికమంత్రి అయ్యాడు. 1948లో సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది.

3బి బానెట్టు మిగతా జీపుల కంటే ఎత్తు. దానికో కారణం ఉంది. 1953లో విల్లీసువారు ఈ బండికి పెట్టిన ఇంజను పొడుగుది. గాలి, పెట్రోలు లోపలికి తీసుకునే వాల్వులు ఇంజను నెత్తిమీదికి వచ్చాయి. అది పట్టడం కోసం బానెట్టును పైకి లేపారు. చూసేవాళ్ళకు తలపాగా చుట్టిన పెద్దమనిషిలా కనిపిస్తుంది గాని, అందం కోసమని చేసింది ఈ బండిలో ఒక్కటీ లేదు. అమెరికాలో దీన్ని 1968లో ఆపేశారు. మన దగ్గర ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు తయారైంది.

ఇక దీని వింతలు. స్టీరింగు ఎడమపక్క ఉంటుంది. వెనక 'లెఫ్ట్ హ్యాండ్ డ్రైవ్' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. మన రోడ్ల మీద ఎడమపక్క కూర్చుని నడిపేవాడికి గట్లూ, మేకలూ బాగానే కనిపిస్తాయి. ముందుపోయే లారీకి అవతల ఏమొస్తోందో మాత్రం తెలియదు. అది కుడిపక్క కూర్చున్నవాళ్ళు తొంగి చూసి చెప్పాలి. మా అమ్మ దగ్గర దగ్గర నలభై ఏళ్ళు ఆ పని చేసింది. "ఉండు, ఉండు... బస్సొస్తా ఉంది... ఆ, ఇంక పో" అనేది. ఆమె ఏనాడూ స్టీరింగు పట్టలేదు. అయినా ఆ బండిని సగం నడిపింది ఆమే అని నాయన అందరితో చెప్పేవాడు.

గేరు కడ్డీ పక్కన ఇంకో రెండు చిన్న కడ్డీలుంటాయి. ఒకటి ముందు చక్రాలనూ లాగిస్తుంది, రెండోది వేగం తగ్గించి బలం పెంచుతుంది. మొదటి గేరులోకి బండి నిలబడితే గాని పోదు. తొందరపెడితే పళ్ళు కొరుకుతుంది. ఇంధనం ట్యాంకు డ్రైవరు సీటు కిందే. ముందు అద్దాన్ని చట్రంతో సహా మడిచి బానెట్టు మీద పడుకోబెట్టొచ్చు. పైన గుడ్డ కప్పు, పక్కన ఏమీ లేదు.

ఆ ఏమీ లేకపోవడమే నాకు ఇష్టం. అద్దాలెత్తిన కారులో పోతే ఊళ్ళు మన పక్కగా పోతాయి. జీపులో పోతే ఊరు లోపలికొస్తుంది. హోసూరు నుంచి డెంకణికోట మీదుగా అంచెట్టి దాకా పోయే దారిలో రాగిచేల తడివాసన, సంతలో ఉడికే చెనక్కాయల వాసన, దుమ్ము, అన్నీ మనతో ప్రయాణం చేస్తాయి. "యాడికి సామీ?" అని ఒకరు, కన్నడంలో ఇంకొకరు, తమిళంలో మరొకరు కేకేస్తారు. ఏ భాషలో అడిగితే ఆ భాషలో జవాబు చెబుతాం. తలుపు లేదు కాబట్టి తీయమని అడిగేపని లేదు, ఎక్కి కూర్చుంటారు.

నాయన దీన్ని 1979లో ఒక తోట యజమాని దగ్గర కొన్నాడు. రాయకోట మార్కెట్టుకు టమోటాలు మోసింది. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళను ఆసుపత్రికి చేర్చింది. మా అక్కను అత్తగారింటికి తీసుకుపోయింది. పెట్రోలు ఖర్చు భరించలేక 1986లో నాయన అసలు ఇంజను తీయించి డీజిల్ ఇంజను పెట్టించాడు. ఆ రోజుల్లో చాలామంది చేసిన పనే. మా మెకానిక్ భాయ్ పాత దిమ్మలు కోసి, కొత్తవి వెల్డింగు చేసి, ముందు బరువు పెరిగిందని కమాను కట్టకు ఇంకో పట్టీ చేర్చాడు. నెలరోజులు పట్టింది. ఆ మార్పు జరక్కపోయి ఉంటే బండిని అప్పుడే పాత ఇనుముకు వేసేవాళ్ళం.

ఇప్పుడా మార్పే చిక్కు తెచ్చింది. 2021 జులైలో కేంద్రం పాతకాలపు బండ్లకు కొత్త నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, చాసిస్‌లో గాని, బాడీలో గాని, ఇంజనులో గాని పెద్ద మార్పు లేకుండా అసలు రూపంలో ఉన్నవాటిని 'వింటేజ్' అంటారు. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు. నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి. ర్యాలీకో, ప్రదర్శనకో, మరమ్మతుకో తప్ప రోజూ రోడ్డెక్కించకూడదు. మా బండికి వయసు సరిపోయింది, ఇంజను సరిపోలేదు. అంటే చట్టం లెక్కలో ఇది పురాతనం కాదు, ఉత్త పాతది. పాతదానికి అయిదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. 600 రూపాయలున్న ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 5,000 అయింది. ఆ తర్వాత మరింత పెరిగింది.

పోయిన ఏడాది బెంగళూరు నుంచి ఒకాయన వచ్చాడు. పాత బండ్లంటే నిజమైన ప్రేమ ఉన్న మనిషి. బండి కిందికి దూరి, వీపుకు మన్ను అంటినా పట్టించుకోకుండా ఒక్కొక్క నంబరూ చూశాడు. పాత పెట్రోలు ఇంజను వెతికి పెట్టిస్తాననీ, పటాలం ఆకుపచ్చ రంగు వేయించి దీని అసలు రూపం తిరిగి తెస్తాననీ అన్నాడు. ఆయన చెప్పిన ధరకు మా చేనులో రెండు బోర్లు వేయించొచ్చు. పాత బావి ఎండి రెండేళ్ళయింది. అబ్బాయి ఇచ్చేయమన్నాడు. మా ఆవిడ మాత్రం, "బోరేస్తే నీళ్ళు పడతాయని రాసిచ్చేదెవరు?" అంది.

మూడు రోజులు ఆలోచించాను. ఆయన మాటలో తప్పు లేదు. అలాంటివాళ్ళు లేకపోతే ఆ పొడుగు ఇంజను ఎలా ఉండేదో రేపటి పిల్లలకు తెలియదు. కాని అసలు రూపం అన్నచోట నా మనసు ఆగిపోయింది. కార్ఖానాలో ఇది ఉన్నది కొన్ని రోజులు. మా దగ్గర ఉన్నది నలభై ఏళ్ళకు పైగా. భాయ్ వేసిన వెల్డింగులన్నీ ఏదో ఒక అవసరానికి వేసినవే. వాటిని చెరిపేస్తే మిగిలేది అందమైన జీపే గాని, మా జీపు కాదు. స్పానరు పట్టినవాడెవడైనా విప్పి, తన అవసరానికి మార్చుకుని, మళ్ళీ బిగించగలగడమే ఈ బండి గొప్పతనమని నాకు తోస్తుంది. మార్చడానికి వీల్లేకుండా చేశాక దాన్ని చూడొచ్చు, ఏలుకోలేం.

ఆయనకు కాఫీ ఇచ్చి, ఇవ్వలేనని చెప్పాను. నొచ్చుకోలేదు. ఎప్పుడైనా మనసు మారితే చెప్పమని నంబరు ఇచ్చి పోయాడు. బోరు మాట ఇంకా తేలలేదు, టమోటా ధర చూసుకుని తేల్చాలి. బండికీ ఒక హద్దు పెట్టుకున్నాను. బ్రేకులూ, పొగా పరీక్షలో నిలవని రోజు దీన్ని రోడ్డెక్కించను. వానొస్తే తడుస్తాం, నడుము నొప్పి పుడుతుంది, అందరూ మమ్మల్ని దాటిపోతారు. అయినా మా అమ్మ పోయాక ఆ కుడిపక్క సీటు మా ఆవిడది. ఆమెకు అమ్మంత ఓపిక లేదు. లారీ కనిపిస్తే చాలు, "వద్దులే, దాని వెనకే పోదాం" అంటుంది.