జాదవ్‌పూర్‌లో ఎండను పట్టే సిరా

కోల్‌కతా జాదవ్‌పూర్‌లోని ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌కు వయసు మీద పడిన సంస్థ అని పేరు. 1876లో డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ దీన్ని బౌబజార్‌లో స్థాపించారు. విశాఖలో చదువుకున్న సి.వి. రామన్ ఈ ఊరికి ప్రభుత్వ ఆర్థిక శాఖలో అధికారి కొలువు మీద వచ్చి, పొద్దునా సాయంత్రం పరిశోధన చేసుకున్నది ఆ పాత భవనంలోనే. ఇప్పటి ఆవరణలో నేను చూడబోయింది ప్లాస్టిక్‌తో చేసే సౌర ఘటాలు.

నన్ను లోపలికి తీసుకెళ్ళిన పరిశోధక విద్యార్థిని తెలుగమ్మాయే. "చెప్పులు ఇక్కడ విడవండి సార్" అని, నత్రజని నింపిన గాజు పెట్టెకున్న రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చింది. గాజు పలక మీద సిరాలాంటి నారింజ రంగు పాలిమర్ (ప్లాస్టిక్) ద్రావణం ఒక చుక్క వేసి గిర్రున తిప్పింది. ఎక్కువైనది చిమ్మిపోయి, మిగిలిన పొర ఆరుతూ ఆరుతూ ఊదా రంగుకు తిరిగింది. "పాలిమర్ గొలుసులు వరసలో సర్దుకున్నాయి సార్, అందుకే ఆ రంగు" అంది. ఆ పొర మందం సుమారు 100 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో పదివేలవ వంతు.

పాలిమర్ ఒక్కటే ఉంటే పని జరగదు. వెలుగు తగలగానే కదిలే ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి. పది నానోమీటర్ల దూరంలోపే ఎలక్ట్రాన్‌ను లాక్కునే రెండో పదార్థం తగిలితేనే విడిపోతాయి. అందుకే రెండింటినీ కలుపుతారు. పులిహోర కలిపినట్టే: ముద్దలుంటే పులుసు పట్టదు, మరీ నలిపితే మెతుకు మిగలదు. ఇక్కడ మెతుకు మిగలకపోతే విద్యుత్తు బయటికి పోవడానికి దారి ఉండదు.

1986లో కొడాక్ శాస్త్రవేత్త టాంగ్ రెండు పొరల సేంద్రియ ఘటంతో సుమారు ఒక శాతం సామర్థ్యం సాధించారు. ఈ ఊదా పాలిమర్‌ను, ఎలక్ట్రాన్‌ను లాక్కునే ఫులరిన్‌తో కలిపితే అది దాదాపు ఐదు శాతానికి చేరింది. ఫులరిన్ వెలుగును పెద్దగా పీల్చదు. 2019లో చైనా పరిశోధకులు దాని స్థానంలో పరారుణ కాంతిని కూడా పట్టే వై6 అణువును, దానికి జోడుగా పీఎం6 పాలిమర్‌ను వాడి 15.7 శాతం చూపారు. ఆ తర్వాత ప్రయోగశాలల్లో అది 19 శాతం దాటింది.

అయితే ఈ అంకెలన్నీ కొన్ని చదరపు మిల్లీమీటర్ల ముక్కల మీద వచ్చినవి. పైగా ఈ పొరకు గాలి, తేమ పడవు. కోల్‌కతాలో తేమకు కొదవేముంది? సిలికాన్ ఫలకాలకు కంపెనీలు పాతికేళ్ళ హామీ ఇస్తున్నాయి. "శాతమెంత అని అందరూ అడుగుతారు సార్, ఎన్నాళ్ళు ఆగుతుందని ఎవరూ అడగరు" అంది ఆ అమ్మాయి. కొత్త రికార్డు వార్త వచ్చినప్పుడల్లా మనం ముందు అడగాల్సింది ఆ రెండో ప్రశ్నే.